14 మంది ఆఫీసు, ఆటోక్యాడ్ నుంచి రెవిట్‌కి మారుతున్నాం. సర్వర్ కొనాలా, ఆగాలా?

సీతమ్మధార ఆర్కిటెక్ట్:

అందరికీ నమస్కారం. విశాఖ ద్వారకానగర్‌లో మాది 14 మంది ఉన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు. మొన్నమొన్నటిదాకా ఆటోక్యాడ్‌తోనే కాలం గడిచిపోయింది. ఎవరి డ్రాయింగు వాళ్లది, ఎవరి ఫైలు వాళ్లది. సాయంత్రం ప్రింటు తీసి సార్ బల్ల మీద పెడితే ఆ రోజు పని అయిపోయినట్టే. ఈ ఏడు మధురవాడ వైపు 120 పడకల ఆసుపత్రి ప్రాజెక్టు వచ్చింది. బిమ్ మోడల్ (బిల్డింగు మొత్తం సమాచారంతో కట్టిన త్రీడీ మోడల్) ఇవ్వాలి, స్ట్రక్చర్‌తో, ఎంఈపీతో (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) కలిపి క్లాష్‌లు, అంటే ఒకదానికొకటి ఎక్కడ అడ్డొస్తున్నాయో, చూసి మరీ ఇవ్వాలి అని అగ్రిమెంట్‌లోనే రాశారు. ఎంఈపీ కన్సల్టెంట్ హైదరాబాద్‌లో, స్ట్రక్చర్ వాళ్లు గాజువాకలో.

ఆ మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్ రెవిట్. ఆఫీసులో దాని మీద పనిచేసేది ఆరుగురం. అందులో ట్రైనింగ్‌కి వెళ్లొచ్చింది నేనే కాబట్టి నాకు "బిమ్ మేనేజర్" అని పేరు పెట్టేశారు. వంటాయన రాని పెళ్లిలో పక్కన నిలబడ్డవాడి చేతికి గరిటె ఇచ్చినట్టు, కంప్యూటర్లు, కేబుళ్లు, సర్వర్ గొడవ కూడా నా నెత్తినే పడింది. నేను చదివింది ఆర్కిటెక్చర్ అండీ, నెట్‌వర్కింగ్ కాదు.

ఇప్పుడున్న పరిస్థితి ఇదీ. ముందు హాల్లో ఒక పాత పీసీ ఉంది, దాని హార్డ్ డిస్క్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేసి అందులో అందరి పనీ కలిసే సెంట్రల్ ఫైలు పెట్టాం. ఆర్కిటెక్చర్ మోడల్ ఒక్కటే 380 ఎంబీ అయింది, ఇంకా పెరుగుతుంది. ఇద్దరు ముందు హాల్లో, నలుగురం వెనక గదిలో కూర్చుంటాం. పొద్దున్న మోడల్ తెరుచుకోవడానికి మా గదిలో నాలుగైదు నిమిషాలు పడుతుంది. ముందు హాలు వాళ్లకి కొంచెం నయం. సాయంత్రం ఇంటికెళ్లే ముందు అందరం ఒకేసారి సింక్ కొడితే, అంటే ఎవరి మార్పులు వాళ్లు సెంట్రల్‌లో కలిపితే, ఇక చెప్పక్కర్లేదు. దానికి మేమే ఒక ఏర్పాటు చేసుకున్నాం. సింహాచలంలో కొన్న ఇత్తడి ఆంజనేయస్వామి బొమ్మ ఒకటి ఉంది, అది ఎవరి బల్ల మీద ఉంటే వాళ్లే సింక్ చెయ్యాలి. "స్వామి ఎక్కడున్నాడు?" అన్న కేక రోజుకి పదిసార్లు వినిపిస్తుంది.

ఇంకో విచిత్రం. సాయంత్రం నాలుగు, నాలుగుంపావు మధ్య మా వెనక గదిలో సింక్ ఫెయిల్ అవుతుంది. రోజూ కాదు గానీ వారంలో మూడు నాలుగు రోజులు. టీకి వెళ్లేముందు సింక్ నొక్కి వెళ్తాం, తిరిగొచ్చి చూస్తే సెంట్రల్ ఫైలు అందడం లేదని మెసేజ్ ఉంటుంది. పోయిన నెల ఇలాగే ఒకసారి సెంట్రల్ పాడైపోయి ఒకటిన్నర రోజు పని పోయింది. ఆ రోజు నాకు వచ్చిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఒక వెండర్ వచ్చి చూసి కొటేషన్ ఇచ్చాడు. రెండు జియాన్ ప్రాసెసర్లు, మొత్తం 32 కోర్లు, 128 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్, 6 లక్షల 70 వేలు. "ఇది పెట్టండి మేడమ్, మోడల్ పరిగెడుతుంది" అంటాడు. సార్‌కేమో అంత పెట్టడం ఇష్టం లేదు. "ఫైలు తీసి ఆన్‌లైన్ డ్రైవ్‌లో పడేస్తే అందరికీ కనిపిస్తుంది కదమ్మా" అంటారు. రెవిట్ ఎల్‌టీ అనే చిన్న వెర్షన్ చవక కదా, మిగతావాళ్లకి అది కొందామా అని కూడా అడిగారు. మొత్తం బడ్జెట్ 9 లక్షలు, లైసెన్సులు కాకుండా. వచ్చే సోమవారానికి నేను ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పమంటారు?

క్లౌడ్ కుర్రాడు:

ఈ రోజుల్లో సర్వర్ ఏంటి మేడమ్! అన్నీ క్లౌడ్‌లో పెట్టేయండి. వర్చువల్ వర్క్‌స్టేషన్, అంటే నెట్ మీద వాడుకునే అద్దె కంప్యూటర్, తీసుకుంటే మీ పాత పీసీల మీదే రెవిట్ నడుస్తుంది. ముంబైలో, హైదరాబాద్‌లో డేటా సెంటర్లు ఉన్నాయి. ఆంజనేయస్వామిని పూజగదిలో పెట్టేయొచ్చు.

పాత సర్వర్:

మేడమ్, పై కుర్రాడు చెప్పింది తప్పని అనను గానీ, గంటల లెక్కన అద్దె కట్టే మెషీన్ మీద ఆరుగురు రోజుకి తొమ్మిది గంటలు పనిచేస్తే నెలాఖరుకి బిల్లు చూసి మీ సార్ ఏమంటారో ఒకసారి ఊహించుకోండి. నెట్ నత్తనడక నడిచిన రోజున మౌస్ ఇక్కడ కదిపితే గీత కాసేపటికి కదులుతుంది. దాంతో గోడలు గీయడం నరకం.

నేను ఆర్కిటెక్ట్‌ని కాదు. ఈ ఊళ్లోనే మూడు డిజైన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకున్నవాణ్ణి, ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నాను. మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మీకు అసలు జబ్బు సర్వర్‌ది కాదనిపిస్తోంది.

ముందు ఆ కొటేషన్ సంగతి. మీరు చేస్తున్న పద్ధతిలో, అంటే ఆఫీసులో ఒక ఫోల్డర్‌లో సెంట్రల్, ఎవరి మెషీన్‌లో వాళ్ల లోకల్ కాపీ, రెవిట్ లెక్కలన్నీ ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకే జరుగుతాయి. సర్వర్ పని ఏమిటి? అడిగినప్పుడు ఫైలు ఇవ్వడం, రాసినప్పుడు దాచుకోవడం. గోడౌన్ వాచ్‌మన్ ఉద్యోగం. దానికి 32 కోర్లు ఎందుకు? ఆ 6 లక్షల 70 వేలూ పెట్టి తెచ్చాక కూడా మీ వెనక గదిలో మోడల్ అదే నాలుగు నిమిషాలకి తెరుచుకుంటే, వెండర్ అప్పుడు "మేడమ్, మీ డెస్క్‌టాప్‌లు పాతవి" అంటాడు. ఆ మాట మాత్రం కొంత నిజమే.

ఎందుకంటే రెవిట్‌లో మనం రోజూ చేసే పనుల్లో చాలావరకు, వ్యూ మార్చడం, గోడ జరపడం, షెడ్యూల్ తెరవడం, ఒక కోర్ మీదే భారం వేస్తాయి. రెండరింగ్‌లాంటివే అన్ని కోర్లనూ వాడుకుంటాయి. కాబట్టి డెస్క్‌టాప్‌కి కోర్లు ఎన్ని అన్నది కాదు, గిగాహెర్ట్జ్ ఎంత అన్నది అడగండి. వేగంగా నడిచే ఐ7 గానీ రైజెన్ 7 గానీ, నెమ్మదిగా నడిచే ఖరీదైన జియాన్ కన్నా మీకు నయం. ర్యామ్‌కి ఆటోడెస్క్ వాళ్లు చెప్పే మోటు లెక్క ఒకటి ఉంది: డిస్క్ మీద ఫైలు సైజుకి దాదాపు 20 రెట్లు. మీ 380 ఎంబీకి ఏడున్నర జీబీ. దానికి స్ట్రక్చర్ లింకు, ఎంఈపీ లింకు, విండోస్, పక్కన తెరిచి ఉంచే ఇరవై క్రోమ్ ట్యాబులు కలపండి. 32 జీబీ పెట్టుకుంటే నిశ్చింత. అన్ని మోడల్స్ కలిపి తెరిచేది, క్లాష్‌లు వెతికే నేవిస్‌వర్క్స్ నడిపేది, ఎన్‌స్కేప్‌లో క్లయింటుకి చూపించేది మీరే అనుకుంటా. మీ ఒక్కరికి 64, కనీసం 8 జీబీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు. మిగతా ఐదుగురికీ అంత కార్డు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. "ముందు హాలు వాళ్లకి కొంచెం నయం" అన్నారు చూడండి, అక్కడ పట్టుకున్నాను. ఫైలు ఒకటే, పీసీ ఒకటే, గది మారితే తేడా ఎందుకొచ్చింది? దారిలో ఉంది. రేపు ఆఫీసుకి వెళ్లగానే వెనక గదిలో ప్రతి మెషీన్‌లోనూ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. 1000, అంటే గిగాబిట్, అని ఉండాలి. 100 అని ఉందా, దొంగ దొరికినట్టే.

ఎందుకలా పడిపోతుందంటే, కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. 100కి అక్కర్లేని ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, ఒక్క పిన్ను సరిగ్గా ఆనకపోయినా చాలాసార్లు అది గొడవ చెయ్యకుండా 100కి దిగిపోయి పనిచేస్తూనే ఉంటుంది. మెయిల్ వస్తుంది, యూట్యూబ్ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. నేను బీచ్ రోడ్డు దగ్గర ఆఫీసులో చేసేటప్పుడు రెండేళ్లకోసారి జాకులు మార్చేవాణ్ణి. ఉప్పుగాలికి ఆ పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టేది, ఇత్తడి బిందె తోమకుండా వదిలేస్తే పట్టినట్టు. మీది ద్వారకానగర్ కాబట్టి అంత ఉండకపోవచ్చు, కానీ మన ఊళ్లో ఏ ఆఫీసైనా సముద్రానికి మరీ దూరమేమీ కాదు.

లెక్క చూడండి. 100 లైన్‌లో సెకనుకి దాదాపు 11, 12 ఎంబీ వెళ్తుంది. పొద్దున్న మీరు నలుగురూ ఒకేసారి 380 ఎంబీ లాగితే 1520 ఎంబీ. వెనక గదికి వచ్చే తీగ ఒకటే అయితే రెండు నిమిషాల పైన అక్కడే పోయింది. గిగాబిట్ అయితే సెకనుకి 110 దాకా వస్తుంది, అదే పని 14 సెకన్లు. నా మాట నమ్మక్కర్లేదు. ఒక జీబీ ఉన్న ఫైలేదైనా షేర్ ఫోల్డర్‌లో పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కాపీ చెయ్యండి. పది పదిహేను సెకన్లలో అయిపోతే తీగ బాగుంది. నిమిషంన్నర పట్టిందంటే నేను చెప్పిందే. ఈ రెండు లెక్కలకీ మధ్యలో ఎక్కడో వస్తే అది హార్డ్ డిస్క్ మహిమ. నలుగురు ఒకేసారి అడిగితే తిరిగే డిస్క్‌కి ఊపిరాడదు. ఆ షేర్ పీసీకి ఎస్‌ఎస్‌డీ ఈ వారమే వేసేయండి, సర్వర్ వచ్చేదాకా ఆగకుండా.

నాలుగింటి ఫెయిల్ మాత్రం నాకు అంతుపట్టలేదు. గడియారం చూసుకుని చెడిపోయే మెషీన్ ఉండదు. నాలుగింటికి మీ ఆఫీసులో ఏం జరుగుతుందో చూడండి. వెనక గదికి నెట్‌వర్క్ స్విచ్, అంటే కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె, ఎక్కడుంది, దానికి కరెంటు ఎక్కడినుంచి వస్తోంది, అది వెతకండి. ఒకచోట పీసీలన్నిటికీ యూపీఎస్‌లు పెట్టి, ఫాల్స్ సీలింగ్ మీదున్న స్విచ్‌కి పెట్టడం మర్చిపోయారు. కరెంటు పోయినా కంప్యూటర్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి, సింక్ మాత్రం మధ్యలో తెగింది.

సార్ అడిగిన రెండు ప్రశ్నలకి. ఎల్‌టీలో వర్క్‌షేరింగే లేదు. ఆరుగురు ఒక మోడల్‌లో చెయ్యాలంటే అది పనికిరాదు, చవకని కొని మూల పెట్టుకోవడమే. ఆన్‌లైన్ డ్రైవ్ ఫోల్డర్‌లో సెంట్రల్ పెట్టడం అంతకన్నా ప్రమాదం. ఆ డ్రైవ్ ప్రతి మెషీన్‌లో ఒక కాపీ ఉంచి వెనకనుంచి మార్పులు ఎక్కిస్తుంది. ఈ తలుపు నేను తెరిచాను, నువ్వు ముట్టుకోకు అని రెవిట్ పెట్టుకునే తాళం దానికి తెలియదు. రెండు కాపీలు పోట్లాడుకుని మూడోది పుడుతుంది, ఏది అసలో ఎవరికీ తెలియదు. రాత్రి పూట బ్యాకప్ కాపీ క్లౌడ్‌కి పంపడం వేరు, అది మంచిదే. బతికున్న సెంట్రల్‌ని అక్కడ పెట్టి పనిచెయ్యడం వేరు.

సర్వర్ అసలు వద్దని కాదు. ఆ పాత పీసీని రిటైర్ చేసి, ఒక మామూలు టవర్ సర్వర్, రెండు ఎస్‌ఎస్‌డీలు అద్దంలా ఒకదానికొకటి కాపీ అయ్యేలా. విండోస్ సర్వర్‌లో ఎసెన్షియల్స్ ఎడిషన్ 25 మంది యూజర్లకి, 50 డివైస్‌లకి సరిపోతుంది, ఒక్కొక్కరికీ విడిగా యాక్సెస్ లైసెన్స్ కొనక్కర్లేదు. 14 మందికి అది చాలు. మామూలు విండోస్ ప్రో మీద షేర్ చేస్తే ఒకేసారి 20 కనెక్షన్ల దగ్గర గోడ కట్టేసి ఉంటుంది, పెరిగే ఆఫీసుకి అది ఇరుకు. నాస్, అంటే నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె, పెట్టొద్దా అని అడుగుతారు. బ్యాకప్‌కి పెట్టండి, బంగారం. బతికున్న సెంట్రల్‌కి మాత్రం నేను విండోస్ సర్వరే పెడతాను, నాస్‌ల మీద ఫైలు లాకింగ్ దగ్గర రెండుసార్లు చేతులు కాల్చుకున్నాను.

మళ్లీ ఎప్పుడైనా సెంట్రల్ పాడైతే కంగారు పడకండి. అందరి కన్నా ఆఖరున సింక్ చేసినవాళ్ల లోకల్ ఫైలు తీసుకుని, ఆడిట్ (ఫైల్లో తప్పులు చూసుకునేది) టిక్ పెట్టి, డిటాచ్ చేసి (పాత సెంట్రల్‌తో బంధం తెంచి) తెరిచి, దాన్నే కొత్త సెంట్రల్‌గా సేవ్ చెయ్యండి. ఒకటిన్నర రోజు పోవాల్సింది గంటలో తేలుతుంది.

డక్ట్ వర్క్:

నేను హైదరాబాద్‌లో ఎంఈపీ వైపు కోఆర్డినేషన్ చేస్తాను. పుట్టిల్లు అక్కయ్యపాలెం, అందుకే ఆగలేక రాస్తున్నాను. పై గురువుగారు తీగల సంగతి చూశారు కాబట్టి నేను బయటివాళ్లతో పని గురించి చెప్తాను.

మేడమ్, ఒక ప్రశ్న వేసుకోండి. హైదరాబాద్ వాళ్లు, మీరు, గాజువాక వాళ్లు ఒకే సెంట్రల్‌లో ఒకే సమయంలో పనిచెయ్యాలా? నూటికి తొంభై చోట్ల అక్కర్లేదు. ఎవరి మోడల్ వాళ్ల ఆఫీసులో, వారానికి ఒక రోజు మార్చుకుని లింక్ చేసుకోవడం. మేము గురువారం సాయంత్రం పంపుతాం, శుక్రవారం నేవిస్‌వర్క్స్‌లో కలిపి క్లాష్ చూస్తాం, సోమవారం పొద్దున్న మీటింగు. దీనికి పెద్ద నెట్ అక్కర్లేదు. రోజూ కలిసి చెయ్యాల్సి వస్తే అప్పుడు బిమ్ కొలాబరేట్ ప్రో తీసుకోండి, అందులో క్లౌడ్ వర్క్‌షేరింగ్ రెవిట్‌కోసమే కట్టింది, మార్పులనే పంపుతుంది. మనిషికొకటి చొప్పున కొనాలి. రెవిట్ సర్వర్ అని ఇంకోటి ఉంది, దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు, కానీ దాన్ని నిలబెట్టి, ఆఫీసుల మధ్య వీపీఎన్ అనే ప్రైవేటు దారి పెట్టి, ప్రతి ఏడాది వెర్షన్‌కీ విడిగా చూసుకునే మనిషి కావాలి. మీకు ఆ మనిషి మీరే అవుతారు. వద్దు.

వెర్షన్ మాట ముందే కాగితం మీద పెట్టండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన రెవిట్ ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు, వెనక్కి మార్చే దారి లేదు. మాకు ఒక ప్రాజెక్టులో ఒక కుర్రాడు కొత్త లాప్‌టాప్ మురిపెంలో మోడల్‌ని పై వెర్షన్‌లో తెరిచి సేవ్ చేసి అందరికీ పంపేశాడు. మూడు ఆఫీసులు ఆగిపోయాయి. ముందు వారం మార్చుకున్న ఫైలు ఉంది కాబట్టి బతికాం. ప్రాజెక్టు మొదలైన వెర్షన్‌తోనే ప్రాజెక్టు అయిపోవాలి, ఎవరూ తొందరపడొద్దు అని బిమ్ ఎగ్జిక్యూషన్ ప్లాన్‌లో మొదటి పేజీలో రాయించండి.

ఫోల్డర్లు కూడా ఇప్పుడే కట్టుకోండి. బిమ్ పనికి 2018లో వచ్చిన ఐఎస్‌ఓ 19650 అనే ప్రమాణంలో ఫైలుకి నాలుగు స్థితులు చెప్తారు: ఇంకా పనిలో ఉన్నది, పక్కవాళ్లకి చూపించేది, ఖరారై బయటికిచ్చింది, దాచిపెట్టింది. సర్టిఫికెట్ కోసం కాదు. మీరు ఇంకా తేల్చుకోని టాయిలెట్ గోడ చూసి మేము పైపులన్నీ గీసేసి, మర్నాడు మీరు గోడ జరిపితే మేము ఏడవకుండా ఉండటానికి.

గాజువాక గ్రిడ్:

మాది స్ట్రక్చర్. అందరూ రెవిట్ వాడతారని అనుకోకండి మేడమ్. మేము టెక్లా అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో చేస్తాం, వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదవగలిగే ఐఎఫ్‌సీ ఫైలు ఇస్తాం. ఆ ఐఎఫ్‌సీ లింక్ చేస్తే మీ మోడల్ బరువెక్కుతుంది, ర్యామ్ లెక్కలో అది కూడా వేసుకోండి. ఇంకోటి, కోఆర్డినేట్లు. మొదటి రోజే రెండు గ్రిడ్ గీతలు కలిసే ఒక బిందువు అందరం ఒప్పుకోకపోతే మీ ఆసుపత్రి మధురవాడలో, మా కాలమ్స్ భీమిలిలో కనిపిస్తాయి. దీనికి ఏ సర్వరూ సాయం చెయ్యదు.

సీతమ్మధార ఆర్కిటెక్ట్:

అందరికీ వేల దండాలు. ముఖ్యంగా పాత సర్వర్ గారికి. మూడు రోజులు చేసిన పని చెప్తాను, నవ్వకండి.

లింక్ స్పీడ్ చూశాను. ముందు హాలు ఇద్దరిదీ 1000. వెనక గదిలో మా నలుగురిదీ 1000 అనే ఉంది! కాసేపు మీ లెక్క తప్పిందేమో అనుకున్నాను. స్టాప్‌వాచ్ పెట్టి కాపీ చేస్తే ఒక జీబీకి 92 సెకన్లు. అంటే మా మెషీన్ల నుంచి వెనక స్విచ్ దాకా బాగానే ఉంది, అక్కడినుంచి ముందు హాలుకి వచ్చే ఒక్క తీగే 100లో ఉంది. ఆ తీగ పట్టుకుని వెళ్తే ప్యాంట్రీలోకి తేలింది. గిన్నెలు కడిగే సింకు పైన, గోడకి, జిడ్డు పట్టిన చిన్న ఎనిమిది పోర్టుల స్విచ్. ఏడేళ్ల క్రితం ఎవరో పెట్టి మర్చిపోయారు. జాక్ ఊడదీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే రెండు పిన్నుల మీద మీరన్న చిలుము! ఉప్పుగాలి కాదు, ఏడేళ్ల టీ ఆవిరి. కేబుల్ కొస కోసి కొత్త జాక్ కొట్టించాను, మనిషి మొత్తం 350 రూపాయలు తీసుకున్నాడు. అదే కాపీ ఇప్పుడు 21 సెకన్లు. మిగతాది హార్డ్ డిస్క్ అనుకుంటా, ఎస్‌ఎస్‌డీ రేపు వస్తుంది.

ఇక నాలుగింటి సంగతి. ఆ స్విచ్ ప్లగ్గు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మూడే సాకెట్లు. ఒకటి ఫ్రిజ్, ఒకటి నీళ్ల ఫిల్టర్, మూడోది ఈ స్విచ్. టీ పెట్టే పిన్నిగారికి గ్యాస్ అయిపోయినప్పుడూ, జనం ఎక్కువున్నప్పుడూ ఎలక్ట్రిక్ కెటిల్ కావాలి. నేను నిన్న నాలుగింటికి అక్కడే నిలబడి చూశాను. ఆవిడ తాపీగా మన స్విచ్ ప్లగ్గు పీకి కెటిల్ పెట్టింది. "పిన్నీ, ఇది పీకుతున్నావేంటి?" అంటే, "ఆ పెట్టె ఊరికే మినుకు మినుకు అంటాది తప్ప ఏటీ చెయ్యదు కదమ్మా. టీ అయిపోనాక మళ్లీ ఎట్టీస్తన్నాను కదా" అంది. ఎవరూ కనిపెట్టకపోవడానికి కారణం ఏంటంటే, ఆ పది నిమిషాలూ మేమంతా ఆవిడ పెట్టిన టీయే తాగుతూ ఉన్నాం. ఫోన్లకి వైఫై ముందు హాల్లోంచి వస్తుంది కాబట్టి నెట్ పోయినట్టు కూడా తెలియలేదు.

సార్‌కి ఈ కథ చెప్తే ముందు నవ్వారు, తర్వాత కొటేషన్ కాగితం మడిచి సొరుగులో పెట్టేశారు. ఆరు డెస్క్‌టాప్‌లు, చిన్న సర్వర్, కొత్త క్యాట్6 కేబుల్, సరైన స్విచ్ అని రాసుకున్నాను. డక్ట్ వర్క్ గారి గురువారం పద్ధతి ఎంఈపీ వాళ్లతో ఒప్పుకున్నాం. గ్రిడ్ గారూ, బిందువు ఏ-1 దగ్గర ఖాయం.

బ్యాకప్ గురించి ఎవరూ అడగలేదు గానీ, మాకు ఉంది. రోజూ రాత్రి అదే పీసీలో డీ డ్రైవ్‌కి కాపీ పడుతుంది. సరిపోతుందా?

పాత సర్వర్:

350 రూపాయలు! ఆ జాక్ కొట్టినాయనకి ఇంకో వంద ఇవ్వండి.

డీ డ్రైవ్ బ్యాకప్ కాదు మేడమ్, ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చడం. మనిషే పోతే రెండు జేబులూ పోతాయి. దీనికి నా దగ్గర ఒక కథ ఉంది, ఎప్పుడు చెప్పినా కడుపులో తిప్పుతుంది.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. ఆదివారం. నేను బీచ్‌కి దగ్గర్లో ఒక ఆఫీసులో చేస్తున్నాను. శనివారం మధ్యాహ్నమే సర్వర్ షట్‌డౌన్ చేసి, ప్లాస్టిక్ పట్టా కప్పి, బ్యాకప్ డిస్క్ అదే గదిలో అల్మరాలో పెట్టి తాళం వేశాను. చాలా జాగ్రత్తపరుణ్ణి అనుకున్నాను. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. మూడో రోజు చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్లి చూస్తే కిటికీ ఫ్రేమ్‌తో సహా లోపలికొచ్చేసింది. పట్టా లేదు. సర్వర్ లోపల ఉప్పునీళ్లు, ఇసుక. అల్మరా వెల్లకిలా పడి ఉంది, తాళం మాత్రం భద్రంగా ఉంది. లోపల డిస్క్ నానిపోయింది. మా వీధిలో కరెంటు రావడానికే వారం పైన పట్టింది, ఆలోగా రికవరీ మాటే లేదు.

ఆఖరికి ఏం కాపాడిందో తెలుసా? పెందుర్తి నుంచి వచ్చే ఒక జూనియర్ కుర్రాడు రూల్స్‌కి విరుద్ధంగా శుక్రవారం మోడల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాడు, ఆదివారం పని చేసుకుందామని. అంతకు ముందు నెలే పెన్‌డ్రైవ్‌లు వాడొద్దని నేనే వాణ్ణి తిట్టాను. వాడి పెన్‌డ్రైవ్‌లోంచే ఆఫీసు మళ్లీ లేచింది.

కాబట్టి ఒక కాపీ నాస్‌లో, అది సర్వర్ గదిలో కాకుండా ఇంకో మూల. ఇంకో కాపీ ఊరు దాటి ఉండాలి. క్లౌడ్ అయినా సరే, వారానికోసారి డిస్క్ విజయనగరంలో మీ బంధువుల ఇంటికి పంపినా సరే. సర్వర్‌లో అద్దంలా పెట్టే రెండు ఎస్‌ఎస్‌డీలని కూడా బ్యాకప్ అనుకోకండి, ఒకదాంట్లో పొరపాటున చెరిపితే రెండోదాంట్లోనూ అదే క్షణం చెరిగిపోతుంది. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వచ్చినా అంతే. నెలకోసారి ఒక పాత తేదీ కాపీ తీసి నిజంగా రెవిట్‌లో తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

నెట్ కూడా రెండు లైన్లు పెట్టుకుంటారేమో, రెండూ ఒకే కరెంటు స్తంభం మీద వచ్చే ఫైబర్ అయితే చెట్టు పడ్డప్పుడు రెండూ కలిసే పోతాయి. ఒకటి 5జీ ఉంచండి.

సీతమ్మధార ఆర్కిటెక్ట్:

చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది సార్. హుద్‌హుద్ అప్పుడు నేను ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను, కొవ్వొత్తి వెలుగులో షీట్లు గీశాం. ఊరు దాటిన కాపీకి చెల్లెలు రాజమండ్రిలో ఉంది, క్లౌడ్‌తో పాటు డిస్క్ కూడా నెలనెలా అక్కడికి పంపుతాను.

ఆఖరి డౌటు. ప్యాంట్రీలో స్విచ్‌ని అక్కడినుంచి మార్చడానికి బిల్డింగ్ ఓనరు గోడకి రంధ్రం కొట్టనివ్వడం లేదు, నెల రోజులు ఆగమంటున్నాడు. అప్పటిదాకా దానికి చిన్న 600 వీఏ యూపీఎస్ పెడితే చాలా?

పాత సర్వర్:

స్విచ్‌కి దండిగా చాలు, అది తినేది కొద్ది వాట్లే. కానీ 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లు. కెటిల్ 1500. పిన్నిగారికి యూపీఎస్ వెనక ఖాళీ సాకెట్లు కనిపించకుండా గోడవైపు తిప్పి పెట్టండి.

సీతమ్మధార ఆర్కిటెక్ట్:

ఆవిడకి ముందే విడిగా ఒక సాకెట్ పెట్టించాను సార్. యూపీఎస్ పైన ఆంజనేయస్వామిని కూర్చోబెట్టాను. ఇప్పుడు ఆ ప్లగ్గు ఎవరూ ముట్టుకోవడం లేదు.